చర్చి మెట్ల మీద విడిచిన బూట్లు

ఇలా దగ్గరగా జరిగి కూర్చోండి. ఆ గోడ వారన చాప ఉంది, ఆనుకుంటే నడుము నొప్పి పుట్టదు. ఒళ్ళో చిక్కుళ్ళు ఉంటే ఈనెలు తీసుకుంటూనే వినండి, నాకేం అభ్యంతరం లేదు. బహ్రెయిన్‌లో పనిచేసిన రోజుల్లో నేనొకసారి జర్మనీ వెళ్ళి, ఒక పాత కోట ఊరు చూశాను. చుట్టూ ఎటు చూసినా ద్రాక్షతోటలే. ఆ ఊరి పేరు నా నోరు తిరగదు, అడగకండి. కానీ ఆ ఊళ్ళో గడిపిన పూట మాత్రం మెట్టు మెట్టూ గుర్తుంది. ఎందుకంటే ఆ పూట ఒక పెద్దావిడ పాదం నా పూచీలో ఉంది.

మేముండే ఇల్లు అరాద్‌లో. పక్కనే విమానాశ్రయం కాబట్టి డాబా మీద బట్టలు ఆరేస్తుంటే విమానాలు దుప్పట్లకు తగులుతాయేమో అన్నట్టు దిగేవి. ఇంట్లో మేడమ్, ఆవిడ భర్త, ఇద్దరు పిల్లలు, మేడమ్ వాళ్ళమ్మ. వంటకు వేరే మనిషి ఉండేది. నా డ్యూటీ అంతా ఆ పెద్దావిడతోనే. అక్కడ అమ్మను యుమ్మా అంటారు, నేనూ అలాగే పిలిచేదాన్ని. ఆవిడ నన్ను బింతీ అనేది, అంటే అమ్మాయీ అని. నాకంటే పాతికేళ్ళు పెద్దయినా ఆవిడకు కోపం వస్తే చిన్నపిల్లే.

ఆవిడకు షుగరు. పాదాల్లో స్పర్శ తగ్గిపోయింది. అంతకు ముందు సంవత్సరం పెరట్లో చెప్పుల్లేకుండా తిరుగుతుంటే ఖర్జూరం గింజ మొన గుచ్చుకుంది. గుచ్చుకున్నట్టు ఆవిడకు తెలియనే తెలియదు. తెల్ల గచ్చు మీద ఎర్రటి మచ్చలు చూసి నేనే కేకేశాను. అది మానక మానక, చివరికి ఎడమ కాలి చిటికెన వేలు తీసేశారు. అప్పటి నుంచి ఆ ఇంట్లో పెద్ద చట్టం ఒకటే, యుమ్మా చెప్పుల్లేకుండా అడుగు వేయకూడదు. కొలత తీసి మరీ ఆవిడకు బూట్లు కుట్టించారు. నల్లటి మెత్తటి తోలు, వెడల్పుగా, పైన పట్టీ. ఆవిడకు అవంటే అసహ్యం. "ఆ పడవలు తొడుగు, ఒడ్డు దాకా వెళ్ళొస్తాను" అనేది, గదిలోంచి హాల్లోకి రావడానికి.

సాయంత్రం కాగానే నేను గోరువెచ్చని నీళ్ళలో ఆ పాదాలు కడిగి, వేళ్ళ మధ్య తడి లేకుండా మెత్తటి గుడ్డతో ఒత్తి, చేతి అద్దం కింద పెట్టి అరికాలంతా చూసేదాన్ని. తెలంగాణ నుంచి వచ్చిన డ్రైవరు ఒకడుండేవాడు, జగిత్యాల వైపు మనిషి. వాడికి గల్ఫంతా దుబాయే. వాకిట్లో బండి తుడుస్తూ నన్ను ఎగతాళి చేసేవాడు.

"ఏందక్కా, దుబాయికొచ్చి కాళ్ళ డాక్టరువైతివి?"

"నువ్వు చక్రాలు కడుగుతున్నావు, నేను పాదాలు కడుగుతున్నాను తమ్ముడూ. ఎవరి డ్యూటీ వాళ్ళది."

"నా చక్రాలు అలుగయి గదక్కా. నీ పాదాలు అలుగుతయి."

అలగడమంటే మామూలు అలక కాదు. వేసవి మొదట్లో, చిటికెన వేలు పోయిన ఆ కాలికే, దాని పక్క వేలి కింద పుండు లేచింది. అక్కడి డాక్టరు తల అడ్డంగా ఊపాడు. మేడమ్ రెండు రోజులు ఫోను పట్టుకుని అందర్నీ వాకబు చేసింది. మూడో రోజు, పిల్లల సెలవులకు ఎలాగూ ఎటో ఒకటి వెళ్ళాలి కదా, జర్మనీ వెళ్దాం, అక్కడ పాదాల డాక్టరున్నాడు అంది. పాదాలు వెళ్తే నేనూ వెళ్ళాలి. అలా కుదిరింది నా ప్రయాణం.

బయలుదేరే ముందు శుక్రవారం మనామాలో మా తెలుగు క్రైస్తవులు కలిసి ప్రార్థన చేసుకునే సహవాసానికి వెళ్ళాను. అక్కడ శుక్రవారమే మాకు ఆదివారం. ప్రభు బల్లకు, అంటే ప్రార్థనలో రొట్టెతో పాటు అందరికీ పంచడానికి, ద్రాక్షారసం సిద్ధం చేసే అక్క ఒకావిడ ఉండేది, కాకినాడ వైపు. ఎండు ద్రాక్ష ముందు రోజే నానబెట్టి, మరగనిచ్చి, పలచటి గుడ్డలో వడకట్టేది. నేను జర్మనీ వెళ్తున్నానని తెలిసి నా చెయ్యి పట్టుకుంది.

"చెల్లీ, అక్కడన్నీ ద్రాక్షతోటలంట కదా. మనం ప్రసంగాల్లో వినడమే గానీ ఎప్పుడన్నా కళ్ళతో చూశామా? నువ్వు చూసొచ్చి చెప్పు. కుదిరితే ఓ గుప్పెడు పళ్ళు తే."

"అది మన పెరడు కాదక్కా. అడక్కుండా కోస్తే పట్టుకుపోతారు."

"అడిగే కొయ్యవే."

"ఏ భాషలో అడగమంటావు?"

"చెంగు పట్టి నిలబడు. ఏ భాషైనా అర్థమవుద్ది" అంది. అందరం నవ్వుకున్నాం.

జర్మనీలో ఆ పాదాల డాక్టరు పొడుగ్గా, నెమ్మదిగా ఉండేవాడు. కట్టు ఎలా కట్టాలో నాకు చేసి చూపించాడు. పక్కన అరబ్బీ తెలిసిన ఒకాయన ఆయన మాటలు తిప్పి చెప్పాడు. పుండు పొడిగా ఉండాలి, దాని మీద బరువు పడకూడదు, బూట్లు లేకుండా ఒక్క అడుగు కూడా వద్దు. కొన్ని వారాలు చూద్దాం, మూసుకుంటే ఇంటికి వెళ్ళొచ్చు, మూసుకోకపోతే ఆ వేలు తీయాలి, అది వేలితో ఆగుతుందని మాట ఇవ్వలేను అన్నాడు. బయటికొచ్చాక మేడమ్ కారు తలుపు పట్టుకుని నాతో అంది, "విన్నావు కదా. ఆ పాదం నీ చేతుల్లో ఉంది."

వారాలు గడిచాయి. పుండు అంచులు దగ్గర పడుతున్నాయి. సోమవారం డాక్టరు చివరిసారి చూడాలి. అంతకు ముందు శనివారం పిల్లలు గదిలో ఉండలేక గోల పెడుతుంటే, మేడమ్ భర్త ఈ కోట ఊరికి బయలుదేరదీశాడు.

నది పక్కనే దారి. కొండల మీద ద్రాక్షతోటలు, నున్నగా దువ్వి పాయలు తీసిన తలలా, కింది నుంచి పై దాకా వరసలు వరసలు. నేను అద్దానికి ముఖం ఆనించి చూశాను. మా వైపు పొలాల్లా మడులు కట్టి లేవు, నిలబెట్టిన గోడలా ఉన్నాయి. అంత ఏటవాలులో మనిషి ఎలా నిలబడి పని చేస్తాడో నాకు అర్థం కాలేదు. ఒక చోట బండి ఆపితే దగ్గరికి వెళ్ళి చూశాను. ఏముంది, గుత్తులన్నీ పచ్చి బఠానీ గింజల్లా గట్టిగా ఉన్నాయి. ఇంకా రెండు మూడు నెలలకు గానీ పండవట. కాకినాడ అక్కకు ఏం చెప్పాలా అనుకుంటూ బండెక్కాను.

ఊరి చుట్టూ రాతి గోడ, గోడకు పెద్ద ద్వారం. వందల ఏళ్ళ నాటిదని మేడమ్ భర్త పిల్లలకు చెబుతున్నాడు. లోపలికి బండ్లు రానివ్వరు. ఇళ్ళు ఒకదాని భుజం మీద ఒకటి వాలినట్టు ఉన్నాయి. తెల్ల గోడల్లో నల్లటి దూలాలు అడ్డదిడ్డంగా కనబడుతున్నాయి. గుమ్మాల మీద రాతిలో చెక్కిన ద్రాక్షగుత్తులు. నేల కింద ఉన్న కొట్ల కిటికీల నుంచి పులిసిన వాసన వస్తోంది, మన వైపు కల్లు పాక పక్క నుంచి వెళ్తున్నట్టు. యుమ్మా ఒంటి మీది అబాయా, ఆ నల్లటి పొడుగు అంగీ, అంచు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"ఏంటి బింతీ ఆ వాసన?"

"ద్రాక్ష, యుమ్మా."

"ద్రాక్ష వాసన నాకు తెలుసు. ద్రాక్షను ఏం చేస్తే ఆ వాసన వస్తుందో కూడా తెలుసు. నడు."

పిల్లలకు దాహమైతే ఒక కొట్లో ద్రాక్షరసం అడిగారు. తాగే ముందు మేడమ్ ప్రతి గ్లాసూ వాసన చూసింది. ఒక గ్లాసు చూసి భర్త ముక్కు దగ్గర పెట్టింది, మళ్ళీ తను చూసింది. కొట్టు ఆవిడ నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడింది. ఆఖరికి మేడమ్ యల్లా, కానివ్వండి అన్నాక పిల్లలు తాగారు.

అసలు ఇబ్బంది రాళ్ళతో వచ్చింది. ఆ ఊరి వీధులన్నీ గుండ్రాళ్ళు పరిచినవి. చక్రాల కుర్చీ గడగడలాడిపోయింది. యుమ్మా పళ్ళు బిగించి కాసేపు ఓర్చుకుని, "నన్ను దించండి, లోపల పేగులన్నీ చోటు మారుతున్నాయి" అంది. బూట్లున్నాయి కదా, నాలుగడుగులైతే ఫరవాలేదని మేడమ్ ఒప్పుకుంది. మేడమ్ భర్త కుర్చీ మడిచి, గోడ బయట ఉన్న బండిలో పెట్టేసి వచ్చాడు. యుమ్మా నా చెయ్యి పట్టుకుని నెమ్మదిగా ఊరి మధ్య చౌకు దాకా నడిచింది. పిల్లలు కోట గోడ ఎక్కుతామన్నారు. మీరిద్దరూ ఇక్కడే కూర్చోండి, గంటలో వచ్చేస్తాం అని మేడమ్ వాళ్ళు వెళ్ళారు. నా చేతిలో అప్పటికి సెల్ ఫోను లేదు.

చౌకులో ఎండ ముఖం మీద కొడుతోంది. పక్కనే పెద్ద రాతి చర్చి. తలుపు తీసి ఉంది, లోపల నుంచి చల్లగాలి వస్తోంది.

"అది మీ వాళ్ళ మసీదా?" అంది యుమ్మా.

"అవును యుమ్మా, మా వాళ్ళదే."

"అయితే పోదాం. చల్లగా కూర్చుని నీ ప్రార్థన నువ్వు చేసుకో. నా తస్బీ నా దగ్గరుంది" అంది, జపమాల చూపిస్తూ.

మెట్ల దగ్గరికి రాగానే నేను చెప్పులు విడిచాను. ఆలోచించి చేసింది కాదు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి చర్చి గుమ్మం ముందు చెప్పులు విడిచి, చెంగు తల మీద వేసుకోవడమే నాకు తెలుసు. యుమ్మా నా కాళ్ళు చూసింది. మెట్టు పక్కన రాతి తిన్నె మీద కూర్చుని తన కాలు నా వైపు చాచింది.

"తియ్యి."

"యుమ్మా, డాక్టరు వద్దన్నాడు."

"నువ్వు విడిచావు కదా. నువ్వు వట్టి కాళ్ళతో దేవుడి ఇంట్లోకి వెళ్తే, నేను పడవలతో వెళ్ళాలా? ఇన్నేళ్ళు బతికి ఆ పని ఎన్నడూ చేయలేదు."

"మీరు ఇక్కడే కూర్చోండి అయితే. నేనూ వెళ్ళను."

"ఎండలో కూర్చోబెట్టి నన్ను చంపుతావా? మేజోళ్ళు ఉన్నాయి. లోపల నున్నటి రాయి కనబడుతోంది. తియ్యి."

మేజోళ్ళు మందంగా ఉన్నాయి, లోపల కట్టు ఉంది, తలుపు నుంచి మొదటి బల్ల నాలుగడుగులు. నేను ముందుగా లోపలికి వెళ్ళి ఆ నాలుగడుగుల నేలనూ అరచేత్తో తడిమి చూశాను. గింజ లేదు, గులకరాయి లేదు. అప్పుడు వచ్చి బూట్లు విప్పాను. ఆవిడ బూట్లు, నా చెప్పులు పక్కపక్కనే, మడమలు గోడకు ఆనించి, పద్ధతిగా పెట్టాను. ఆ పద్ధతే కొంప ముంచింది.

లోపలికి వెళ్ళి కూర్చున్నాక గానీ నేను చుట్టూ చూడలేదు. చూస్తే, అందరి కాళ్ళకూ బూట్లే. ప్రార్థన చేసుకునేవాళ్ళకు, బొమ్మలు చూసేవాళ్ళకు, ముందు వరసలో మోకాళ్ళ మీద ఉన్న ఆవిడకు కూడా. వాళ్ళు మా పాదాల వైపు చూస్తున్నారు, మేము వాళ్ళ పాదాల వైపు చూస్తున్నాం.

"వీళ్ళేంటి బూట్లతో వచ్చారు?" అంది యుమ్మా నా చెవిలో.

"ఏమో యుమ్మా. మా దగ్గర ఇలా ఉండదు."

"వీళ్ళకు ఎవరూ చెప్పలేదు కాబోలు" అని తస్బీ తీసింది. నేను తల వంచి ఆ వేలి కోసం ప్రార్థన చేసుకున్నాను. వేరే ఏమీ అడగలేదు. కాసేపటికి యుమ్మా, "కింద చల్లగా ఉంది" అంది. ఏ పాదానికి యుమ్మా అని అడిగాను. రెండిటికీ అంది. ఏడాదిగా ఎడమ పాదానికి నిప్పూ నీరూ ఒకటే అయిన మనిషి. నిజంగా తెలిసిందో, చిన్నప్పుడు సముద్రం ఒడ్డున తిరిగిన చలి గుర్తొచ్చిందో నాకు తెలియదు.

బయటికొస్తే మెట్ల పక్కన బూట్లు లేవు. నా చెప్పులూ లేవు.

నేను తిన్నె కింద చూశాను, తలుపు వెనక చూశాను, వీధిలోకి చూశాను. ఎండకు కాగిన గుండ్రాళ్ళు. ఆ రాళ్ళ మీద ఈవిడను ఒక్క అడుగు నడిపించలేను. ఎత్తుకోలేను, నాకు రెండింతలు ఉంటుంది. కుర్చీ గోడ బయట బండిలో ఉంది. సోమవారం డాక్టరు. యుమ్మాను మళ్ళీ తీసుకెళ్ళి అదే బల్ల మీద కూర్చోబెట్టి, నా చున్నీ మడిచి పాదాల కింద వేశాను.

"పోనీలే బింతీ. అవంటే నాకు ఇష్టం లేదు కదా."

"మీకు ఇష్టం లేదు సరే యుమ్మా, మేడమ్‌కు ఏం చెప్పను?"

"నేనున్నాను కదా చెప్పడానికి."

ముందు పూలు సర్దుతున్న ఒక తెల్లజుట్టు ఆవిడ మమ్మల్ని గమనించింది. నేను ఆవిడ దగ్గరికి వెళ్ళి నా పాదాలు చూపించాను, మెట్ల వైపు చూపించాను, రెండు చేతులూ ఖాళీగా తిప్పాను. ఆవిడకు అర్థం కాలేదు. చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి, బూట్లు పెట్టిన చోట నా అరచేతులు పక్కపక్కన ఆనించి చూపించాను. అప్పుడు చూడాలి ఆవిడ ముఖం. చెయ్యి నోటి మీద పెట్టుకుంది. ఏదో గబగబా అని, పూల కత్తెర చేతిలో ఉండగానే, ఆ వయసులో వీధి వెంట పరుగు లాంటి నడక తీసింది.

తర్వాత మేడమ్ ఆవిడతో ఇంగ్లీషులో మాట్లాడి నాకు చెబితే తెలిసింది. ఆ ఊళ్ళో తమకు అక్కరలేని వస్తువులు శుభ్రం చేసి గుమ్మం బయట పెడతారట, కావలసినవాళ్ళు తీసుకుపోవచ్చు. పైగా ఆ రోజు చర్చివాళ్ళు బీదవాళ్ళ కోసం బట్టలు, బూట్లు పోగు చేస్తున్నారు. మెట్ల మీద రెండు జతలు అంత వరసగా కనబడేసరికి, ఎవరో పుణ్యాత్ములు ఇచ్చిపోయారనుకుని ఈవిడే స్వయంగా తీసుకెళ్ళి పెట్టెలో వేసింది. ఆ పెట్టె బండెక్కడానికి వెళ్ళిపోయింది.

ఆవిడ ఇంకా రాకముందే మేడమ్ వచ్చింది. చౌకులో మేము కనబడక, పిల్లల్ని భర్త దగ్గర ఉంచి చర్చిలోకి తొంగి చూసింది. తల్లి ముఖం చూసి ఊపిరి తీసుకుంది, పాదాలు చూసి ఆగిపోయింది.

"బూట్లేవి?"

నేను నోరు తెరిచే లోపే యుమ్మా అందుకుంది. "నేను విడిచాను."

"డాక్టరు ఏం చెప్పాడమ్మా నీకు?"

"నిన్ను పెంచేటప్పుడు నేను నీకేం చెప్పాను? దేవుడి ఇంటికి ఎలా వెళ్ళాలని చెప్పాను?"

"ఇది మసీదు కాదు."

"ఈ పిల్ల విడిచింది. ఇది ఆ పిల్ల దేవుడి ఇల్లు. నేను దాని కంటే తక్కువ మర్యాద చూపిస్తే నీకు బాగుంటుందా?"

మేడమ్ నా వైపు చూసింది. నా పక్కన బల్ల మీద కూలబడింది. తన బూట్లు బల్ల కిందికి లాక్కుంది. "చూడు" అంది నాతో. నేను వంగి ఎడమ మేజోడు తీసి, కట్టు విప్పాను. మేడమ్ చేతిసంచిలోంచి అద్దం తీసి ఇచ్చింది, ముఖం చూసుకునే చిన్న అద్దం. మేజోడు అడుగున గట్టిగా ఏదో తగిలింది. గోటితో గీకితే తెలిసింది, కొవ్వొత్తి మైనం చుక్క. పాదానికి ఏమీ కాలేదు. పుండు పొద్దున ఎలా ఉందో అలాగే ఉంది. మేడమ్ అద్దం వెనక్కి తీసుకుని కళ్ళు తుడుచుకుంది. "ఖలాస్. కట్టు కట్టు" అంది.

అప్పుడు వచ్చింది పూల ఆవిడ, వెనక ఒకాయన అట్టపెట్టె మోసుకుంటూ. కోట్లూ స్వెట్టర్లూ తీసి చూస్తే అడుగున పడవలు, వాటి పక్కనే నా చెప్పులు. యుమ్మా మూలిగింది, "దొరికాయా" అని. ఆవిడ యుమ్మా రెండు చేతులూ పట్టుకుని ఏదో చెబుతూనే ఉంది. యుమ్మా అరబ్బీలో, "నువ్వు మంచి పనే చేశావు, ఆ బూట్లు ఇంకెవరికీ పట్టవు, అదొక్కటే చిక్కు" అంది. ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి తెలియదు, ఇద్దరూ తలలూపుకున్నారు. పోయేటప్పుడు ఆవిడ ఇంటి నుంచి ఒక సీసా తెచ్చి నా చేతిలో పెట్టింది. బయట ఉన్న మేడమ్ పిల్లల్ని నాకు చూపించి, వాళ్ళూ తాగొచ్చు అన్నట్టు ఆవిడే సైగ చేసింది. వాళ్ళ తోటలోని పోయిన ఏటి ద్రాక్షరసం అట. మేడమ్ మూత తీయించి, దాన్నీ వాసన చూసింది.

సోమవారం డాక్టరు పాదాన్ని దీపం కింద అటూ ఇటూ తిప్పి చూశాడు. పుండు మూసుకుంది, ఇంటికి వెళ్ళండి అన్నాడు. చర్చి సంగతి ఆయనకు ఎవరమూ చెప్పలేదు.

సీసా నా పెట్టెలో యుమ్మా పాత మేజోళ్ళ మధ్య బహ్రెయిన్ చేరింది. శుక్రవారం కాకినాడ అక్కకు ఇచ్చాను. చెంచాలో పోసుకుని రుచి చూసింది.

"బాగానే ఉంది చెల్లీ. మన ఎండు ద్రాక్షది ఇంకాస్త చిక్కగా ఉంటది" అంది. అయినా ఆ వారం ప్రభు బల్ల మీద అదే పెట్టింది.

ఆ తర్వాత ఒక శుక్రవారం, నన్ను దింపడానికి డ్రైవరు బండి తీస్తుంటే యుమ్మా తనూ వస్తానని ఎక్కి కూర్చుంది. సహవాసం జరిగే హాలు మేడ మీద. కింద మెట్ల దగ్గర చెప్పులు గుట్టలుగా ఉంటాయి. అస్కర్ కూలీల క్యాంపు నుంచి, మామీర్ నుంచి వచ్చినవాళ్ళ బరువైన డ్యూటీ బూట్లు, ఆడవాళ్ళ పూసల చెప్పులు, పసిపిల్లల జతలు. యుమ్మా అద్దం దించి అవన్నీ చూసింది.

"ఇక్కడ ఎవరూ తీసుకుపోరా?"

"ఒక్కోసారి మారిపోతాయి యుమ్మా. పోవు."

డ్రైవరు వెనక్కి తిరిగాడు. "గట్లనే అంటవక్కా. గా కొత్త చెప్పులు సంచిల వెట్టుకొని పో."

నేను విడిచి, ఆ గుట్ట పక్కనే పెట్టాను. యుమ్మా తన కాళ్ళకున్న పడవల వైపు చూసుకుని, "ఇది పద్ధతి తెలిసిన చోటు బింతీ. వెళ్ళు, నీ ప్రార్థన అయ్యేదాకా బండిలో ఉంటాను" అంది. ఆవిడ ఉన్నన్నాళ్ళూ ఆ తొమ్మిది వేళ్ళూ ఆవిడతోనే ఉన్నాయి.

ఇంతే నేను చూసిన కోట ఊరు. ఇక లేవండి, పొద్దుపోతోంది. మీ గడప ముందు చెప్పులు ఎప్పుడూ జతలు జతలుగా నిండి ఉండాలి. విడిచినవాళ్ళకు విడిచిన చోటే దొరకాలి. మీ ఇంట్లో ప్రతి పాదమూ బయటికి వెళ్ళినంత చల్లగా తిరిగి లోపలికి రావాలి.